కొంగ నిద్ర

డండీలో, టే నది మీంచి వాన అడ్డంగా కొట్టే వీధిలో
ఒకప్పటి జనపనార మిల్లు, మూడో అంతస్తు.
కింద తివాచీల కొట్టు. పైన మేం ఏడుగురం,
తొమ్మిది కంప్యూటర్లు, ఒకటే హీటరు.
ఆరీ ఆరని కోట్ల వాసనలో
ఒక నీటికుక్క పిల్లకి ఈత నేర్పుతున్నాం.

సినిమా ఇంకా రాలేదు.
వాళ్ళు మాకు పంపింది పద్నాలుగు బొమ్మలు, సగం కథ.
మిగతా సగం రహస్యమట.
ఆట మాత్రం సినిమాతో పాటే, అదే శుక్రవారం
దుకాణాల్లో ఉండాలి,
పాదం చూపించకుండా చెప్పులు కుట్టమన్నట్టు.

ఒప్పందం ఒక్కటే నిండుగా వచ్చింది.
నెత్తురు కనపడకూడదు.
ఎవరూ ఎవర్నీ కొట్టకూడదు, తోయొచ్చు, మెత్తగా.
ఇంటిల్లిపాదీ ఆడుకునేది గనక
ఎవరూ చావకూడదు.
రూఅరీ పైకి చదివాడు,
వెనిగర్ అంటిన వేళ్ళతో ప్రతి పేజీకీ మరక పెడుతూ.

అందుకని మా పిల్ల జలపాతం మీంచి జారితే
తల చుట్టూ మూడు చుక్కలు తిరుగుతాయి.
ఒళ్ళు దులుపుకుని తుమ్ముతుంది.
ఆ తుమ్ము ఇష్బెల్‌ది. నిజం తుమ్మే,
ఆ వారమంతా తనకి జలుబు.

ఓ శనివారం కింది కొట్టు నుంచి సెంగా పిరీ గారొచ్చారు,
మనవలతో, పరీక్షగా ఆడి చూడ్డానికి.
రిమోటుని టీ కెటిల్‌లా రెండు చేతులా పట్టుకుని
పదకొండు సార్లు పడ్డారు అదే జలపాతంలో.
"నా తుంటి ఎముకకి కూడా ఇదేదో పెట్టండర్రా" అన్నారు.
నవ్వాం. అప్పుడు నవ్వే అది.

కొంగ నా వంతుకొచ్చింది.
ముసలిది. పిల్లకి దారి చెప్పే తాత.
పద్నాలుగు బొమ్మల్లో రెండింట్లో ఉంది,
రెండింట్లోనూ ఒంటికాలి మీదే.
కొంగజపం కాదది, చేపల మీద చూపు లేదు.
ఊరికే అలసట.

దానికో నిద్ర రాశాను.
ఆడేవాళ్ళు పాలు తాగడానికో, తలుపు తీయడానికో లేచిపోయి
రెండు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే
మెడ ముడుచుకుని కళ్ళు మూస్తుంది.
ఏదో ఒకటి నొక్కితే చాలు,
ఒక కన్ను తెరిచి "పోదామా?" అంటుంది.
ఎవరూ అడగలేదు దాన్ని.
రాత్రి పదకొండింటికి, ఆఖరి బస్సు పోయాక,
చేశాను.

సినిమా మేమూ అందరితో పాటే చూశాం, టికెట్లు కొనుక్కుని.
ముప్పావు కథ దాటాక నది గడ్డకట్టింది.
కొంగ మెడ ముడుచుకుంది. కళ్ళు మూసింది.
అచ్చం నా కొంగే.
పిల్ల వచ్చి ముక్కుతో తోసింది.
మళ్ళీ తోసింది.
చీకట్లో రూఅరీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.
డిస్కులు అప్పటికే లారీలెక్కాయి.

ఏప్రిల్లో ఒక ఉత్తరం. ఉల్లాపూల్ నుంచి, గీతల కాగితం మీద.
ఎఫీ మెక్‌రే, ఏడేళ్ళు.
"సినిమాలో పిల్లకి ఏది నొక్కాలో తెలీలేదు.
మా ఇంట్లో కొంగ రోజూ లేస్తుంది.
మా తమ్ముడు నొక్కినా లేస్తుంది, వాడికసలు ఆటే రాదు.
సినిమా వాళ్ళకి చెప్పండి."

జవాబు నాలుగు సార్లు మొదలెట్టాను.
అది వేరు, ఇది వేరు అని రాసి కొట్టేశాను.
చివరికి, "ప్రియమైన ఎఫీ, తప్పకుండా చెబుతాం."
చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు. తివాచీల కొట్టు కాఫీ కొట్టయింది.
సెంగా గారి గురించి
ఆలస్యంగా తెలిసింది నాకు, పేపర్లో, చిన్న అక్షరాల్లో.

మొన్న ఆదివారం అటక మీది పాత యంత్రం దించి
డిస్కు ఊదితే తిరిగింది.
పిల్ల తుమ్మింది.
గట్టు దాకా ఈదించి, కొంగ పక్కన ఆపి
చేతులు తీసేశాను.
రెండు నిమిషాలు. మెడ ముడుచుకుంది.

వెళ్ళి కెటిల్ పెట్టాను.
తిరిగొచ్చేసరికి ఇంకా పడుకునే ఉంది,
రిమోటు నా ఒళ్ళో.
నొక్కలేదు, కాసేపు.
కిటికీ మీద వాన అడ్డంగానే కొడుతోంది.